పడుగు, పేక, విమానపు రెక్క

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి చేలలో ప్రత్తియు మిరపయు ముఖ్యమైన పంటలు. చేలలో తీసిన ప్రత్తి జిన్నింగు మిల్లునకును, అచటినుండి నూలుమిల్లునకును, పిమ్మట మగ్గమునకును పోయి గుడ్డగా మారుటను ఈ ప్రాంతపు పిల్లలందరు ఎరుగుదురు. మానవుడు యంత్రశక్తితో మొట్టమొదట ఎగిరిన విమానమునకు రెక్కలైనదికూడ ఇట్టి ప్రత్తి గుడ్డయే అను సంగతి మాత్రము చాలమందికి తెలియదు.

1903 డిసెంబరు 17వ తేదీన అమెరికాలోని కిట్టీహాక్ వద్ద ఆర్విల్ రైట్ 12 సెకండ్ల కాలము గాలిలో నిలిచి, 120 అడుగుల దూరము ఎగిరెను. ఆర్విల్, అతని అన్న విల్బర్ సైకిళ్ళు చేసి అమ్ముకొనువారు. వారు రెక్కల చట్టమును కర్రతో చేసి, దానిపై బజారులో కొన్న మస్లిన్ గుడ్డను కుట్టి బిగించిరి. ఆ గుడ్డను పరచిన తీరులో ఒక విశేషము కలదు. పడుగు, పేక దారములు రెక్క అంచులకు సమాంతరముగా నుండక, 45 డిగ్రీల కోణమున మూలవాటుగా నుండునట్లు వారు గుడ్డను కత్తిరించిరి. ఈ చిన్న ఉపాయము ఎందులకో తెలిసికొన్నచో, ఒక సామాన్యుడు తన ఇంటి సావడిలో కూర్చుండి విమానపు రెక్కను ఎట్లు నిర్మింపగలడో, మన దేశపు యుద్ధవిమానపు రెక్క ఎట్లు నిలుచుచున్నదో కూడ అర్థమగును.

రుమాలుతో ఒక పరీక్ష

చీరాల ఒకప్పుడు తేలియా రుమాళ్ళకు ప్రసిద్ధి. అట్టి రుమాలు లేకున్నను ఏదైన నేత రుమాలును చేతిలోనికి తీసికొనుడు. పడుగు వెంబడి రెండు అంచులను పట్టి లాగినచో గుడ్డ దాదాపు సాగదు. పేక వెంబడి లాగినను అంతే. ఎదురెదురు మూలలను పట్టి లాగినచో మాత్రము గుడ్డ తేలికగా సాగి, చదరములన్నియు వాలిపోయి రాంబస్‌లుగా మారును. ఇందుకు కారణము స్పష్టము. లాగిన దిక్కున దారము ఉన్నచో ఆ బలమును దారము భరించును. దారము లేని దిక్కున గుడ్డకు బలము లేదు.

ఇక చతురస్రాకారపు కర్రచట్టమును ఊహింపుడు. దాని మూలలు వదులైనచో అది ఒక ప్రక్కకు ఒరిగిపోవును. ఒరుగునప్పుడు దాని రెండు కర్ణములలో ఒకటి పొడవగును, రెండవది పొట్టియగును. నవారు మంచమున పట్టీలు చట్టమునకు సమాంతరముగా నుండును గనుక ఆ ఒరుగుటను అవి ఆపజాలవు. త్రాళ్ళను మూలవాటుగా అల్లిన నులకమంచము ఇంతకంటె గట్టిగా నిలుచును. ఒరుగుటకు యత్నించిన వెంటనే ఒక వరుస త్రాళ్ళు బిగిసి అడ్డుపడును. రైట్ సోదరుల గుడ్డ చేసిన పని ఇదే. అది గాలిని ఆపు తెరగా మాత్రమే కాక, దారముల బలముచే చట్టమును నిలుపు కట్టుగా కూడ ఉపయోగపడినది. బలమెటు వచ్చునో నారను అటు పరచవలెనను సూత్రము విమాన చరిత్రలో తొలిదినముననే కనిపించుచున్నది.

గుడ్డనుండి లోహమునకు

మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఐరోపాలో రెక్కలకు ఎక్కువగా అవిసెనార గుడ్డను వాడిరి. యుద్ధమువలన అది కొరతపడగా అమెరికావారు ప్రత్తి గుడ్డను ఈ పనికి సిద్ధపరచిరి. తరువాత అచట ప్రామాణికమైన విమానపు ప్రత్తి గుడ్డ, అంగుళము వెడల్పు పట్టీకి 80 పౌనుల లాగుడును భరింపవలెనని నియమము ఏర్పడినది. బిగించిన గుడ్డకు డోప్ అను వార్నీషును పూయుదురు. ఆరినపుడు అది ముడుచుకొని గుడ్డను డోలు చర్మమువలె బిగియబట్టును. గాలిని, నీటిని చొరనీయదు. ఈ డోప్ కూడ ప్రత్తి బిడ్డయే. జిన్నింగు తరువాత గింజను అంటియుండు పొట్టి నూగును నత్రికామ్ల, గంధకామ్లములతో కలిపి నైట్రోసెల్యులోజ్ చేయుదురు. అది త్వరగా అంటుకొను వస్తువగుటచే తరువాత ఎసిటేటు జాతి డోప్‌లు వచ్చినవి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున హైదరాబాదు బేగంపేటలో శిక్షణ పొందిన యువకులు ఎగిరిన టైగర్ మాత్ విమానములు ఇట్టి గుడ్డరెక్కలవే.

గుడ్డరెక్క ఎండకు, వానకు చీకును. కొన్ని యేండ్లకొకసారి మార్చవలెను. వేగము పెరిగినకొలది దాని ఆకారము చెదరును. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అల్యూమినియముతో రాగి మొదలగు వానిని కొలదిగా చేర్చి గట్టి మిశ్రలోహమును కనుగొనెను. 1930 దశకమున పెద్ద విమానముల రెక్కలు చాలవరకు లోహమయములైనవి. రేకులను వంచు యంత్రములు, వేల రివెట్లు, పెద్ద కర్మాగారములు ఇందుకు అవసరమైనవి. లోహపు రేకు అన్ని దిక్కులను ఒకే బలము కలది గనుక నారను ఏ దిక్కున పరచవలెనను ప్రశ్న కొంతకాలము మరుగున పడినది.

గాజునార రాక

నార మరల రెక్కలోనికి వచ్చుట రసాయనశాస్త్రపు చలువ. 1930 దశకమున అమెరికాలో గాజును కరిగించి సన్నని నారగా తీయు పద్ధతి అభివృద్ధి చెందినది. స్విట్జర్లాండు, అమెరికా దేశములలో ఎపాక్సీ అను గట్టి జిగురును కనుగొనిరి. గాజునార గుడ్డను ఈ జిగురుతో తడిపి ఆరనిచ్చినచో తేలికయు దృఢమునైన పలక ఏర్పడును. ఇట్టివానిని మిశ్రమ పదార్థములని, కాంపోజిట్లని అందురు. మన పల్లెలలో వరిగడ్డి కలిపి త్రొక్కిన మట్టితో గోడ పెట్టుట ఈ తెగకు చెందిన ప్రాచీన విద్యయే. గడ్డి లాగుడును భరించును. మట్టి గడ్డిని తన చోట నిలుపును. నార బలమునిచ్చును, జిగురు ఒక నార బలమును ప్రక్క నారకు అందించును.

1957 నవంబరు 27వ తేదీన జర్మనీలో స్టుట్‌గార్ట్ విద్యార్థి సంఘము నిర్మించిన ఫీనిక్స్ అను గ్లైడరు ఎగిరినది. రిచర్డ్ ఎప్లర్, హెర్మన్ నేగెలె దాని రూపకర్తలు. బాల్సా అను మిక్కిలి తేలికైన కర్రకు ఇరువైపుల గాజునార పొరలనంటించి వారు రెక్కలను చేసిరి. గాజునారతో నిర్మించిన తొలి గ్లైడరుగా అది ప్రసిద్ధికెక్కినది.

సావడిలో రెక్క

అమెరికాలో స్వయముగా విమానము చేసికొని ఎగురువారు 1953లో ఒక సంఘముగా ఏర్పడిరి. విద్యకొరకో వినోదముకొరకో, పనిలో సగమునకు పైగా తానే చేసిన వాని విమానమునకు అచటి చట్టము ప్రత్యేకమైన అనుమతినిచ్చును. కాని రేకులను వంచి రివెట్లు కొట్టు పని అందరికి సాధ్యము కాదు. ఈ చిక్కును తీర్చినవారిలో బర్ట్ రుటాన్ అను ఇంజనీరు ముఖ్యుడు. అతని వారీ-ఈజీ విమానము 1975లోను, దానికంటె పెద్దదైన లాంగ్-ఈజీ 1979లోను ఎగిరినవి. వీనిని చేయుటకు అచ్చులు అక్కరలేదు. రుటాన్ అమ్మిన పటములు, సూచనల పుస్తకము చాలును.

గుంటూరు మిరప శీతలగిడ్డంగులలో వేడి చొరకుండ గోడలకు థర్మోకోల్ దిమ్మలను అమర్చుట కలదు. అదే జాతికి చెందిన గట్టి నురుగు దిమ్మ లాంగ్-ఈజీ రెక్కకు గర్భము. దిమ్మకు ఇరుచివరల రెక్క అడ్డుకోత ఆకారము గల పలకలను బిగింతురు. విద్యుత్తుతో వేడెక్కిన సన్నని తీగను ఇద్దరు మనుష్యులు చెరియొక చివర పట్టి, ఆ పలకల అంచు వెంబడి నడుపుదురు. పలకలపై అంకెలు వేసియుండును. ఒకడు అంకెలు పలుకుచుండ రెండవవాడు అదే అంకెకు తన చివరను చేర్చవలెను. ఒకడు ముందై ఒకడు వెనుకైనచో రెక్క వంకరపోవును. ఇట్లు కోసిన దిమ్మ తన ఆకారమును తానే అచ్చుగా నిలుపుకొనును.

తరువాత పడుగు పేకల శాస్త్రము ప్రవేశించును. విమానము ఎగురునప్పుడు రెక్కలు పైకి వంగుటకు యత్నించును. రెక్క క్రిందితలము సాగును, పైతలము నొక్కుకొనును. ఈ బలములు రెక్క మొదలునుండి కొనకు పొడవునా ఉండును గనుక, నారలన్నియు ఒకే వైపునకు నేసిన గాజుపట్టీలను రెక్క పొడవున పరచి దూలమును ఏర్పరతురు. గాలి రెక్కను మెలిత్రిప్పుటకును యత్నించును. మెలిక భారమున సాగుడు, నొక్కుడు 45 డిగ్రీల మూలవాటున ఏర్పడును. కావున మెలికకు లోనగు పైపొరల నారలను రైట్ సోదరుల మస్లిన్‌వలె మూలవాటుగా పరచవలెను. లోపలి నురుగునకు బలము తక్కువ. కాని అది రెండు పొరలను దూరదూరముగా నిలిపి, నొక్కుడునకు అవి ముడుతపడకుండ కాపాడును.

1980 ప్రాంతమునుండి అచ్చులలో పోసిన పైపొరలు, దూలములు కర్మాగారమునుండి పెట్టెలలో వచ్చు కిట్లు బయలుదేరినవి. గ్లాస్‌ఎయిర్ ఇట్టివానిలో తొలినాటిది. నిర్మాత పని వీనిని జిగురుతో అతుకుటయే. క్రింది పొరపై దూలమును, పక్కటెముకలను నిలిపి, చివరకు పైపొరను మూతవలె పెట్టి అతుకవలెను. మూసిన తరువాత లోపలి అతుకు కంటికి కనబడదు. ఇంటి నిర్మాత ప్రాణము ఆ కనబడని జిగురుగీతపై ఆధారపడియుండును.

అందుచేత ఈ పనిలో నియమములు కఠినములు. రెజిన్‌ను, దానిని గట్టిపరచు ద్రవమును కంటి అంచనాతో కాక త్రాసుతో తూచి కలుపవలెను. పాళ్ళు తప్పినచో జిగురు ఎన్నటికిని సరిగా గట్టిపడదు. జిగురు ఎక్కువైనచో బరువు పెరుగును గాని బలము పెరుగదు. తక్కువైనచో పొరల నడుమ గాలి నిలుచును. గాజుపొర పారదర్శకము గనుక రంగు వేయకముందు దీపము వెలుగున చూచినచో గాలిబుడగలు తెల్లగా కనిపించును. ప్రతి దినము అదే జిగురుతో చిన్న తునకను కూడ చేసి, మరునాడు దానిని పరీక్షించుట మంచి నిర్మాతల అలవాటు. గట్టిపడిన పొరపై నాణెముతో తట్టుచు పోవుదురు. ధ్వని బొంగురుపోయిన చోట అతుకు విడినదని అనుమానింతురు.

తోక చెప్పు పాఠము

తోకతలములు చిన్నవి. అయినను నిర్మాతకు అవి పెద్ద పరీక్ష. విమానపు గరిమనాభికి తోక దూరముగా నుండుటచే అచట చేరిన కొలది బరువైనను త్రాసుకాడ కొననున్న గుండువలె పనిచేసి గరిమనాభిని వెనుకకు లాగును. గరిమనాభి మితిమీరి వెనుకకు పోయినచో విమానము స్థిరత్వమును కోల్పోవును. ఎలివేటరు, చుక్కాని వంటి కదలు తలములలో కీలునకు వెనుకవైపు బరువు పెరిగినచో అవి ఒక వేగమున గాలిలో జెండావలె అల్లాడ మొదలిడి, క్షణములలో తోకను ముక్కలు చేయగలవు. అందుచేతనే జిగురునేగాక రంగును సైతము తూచి వేసి, కీలునకు ముందువైపు సీసపు తూనికలతో సరిచూతురు. లాంగ్-ఈజీకి వెనుక తోకయే లేదు. ముక్కువద్దనున్న చిన్న రెక్కయు, రెక్కకొనల నిలువు పలకలును తోక చేయవలసిన పనిని చేయును. తూకపు నియమము వానికిని వర్తించును.

2001 నవంబరు 12వ తేదీన న్యూయార్కు వద్ద ఒక పెద్ద ప్రయాణికుల విమానపు నిలువు తోక గాలిలో ఊడిపోయి 265 మంది మరణించిరి. ఆ తోక కర్బననారతో చేసినది. నార మోసము చేసినదని కొందరు భయపడిరి. విచారణలో తేలిన సత్యము వేరు: ముందు పోయిన విమానపు సుడిగాలికి లోనైనపుడు పైలటు చుక్కానిని అటునిటు మార్చి మార్చి బలముగా త్రొక్కుటచే, రూపకర్తలు లెక్కకట్టిన గరిష్ఠ భారమును మించిన భారము తోకపై పడినది. నిర్మించువాడేగాక నడుపువాడును ఆ హద్దును ఎరిగియుండవలెనని ఈ ప్రమాదము తెలిపినది.

రెంటచింతల ఎండ

ఇంట చేసిన గాజునార విమానములు ఎక్కువభాగము తెల్లనివే. ఇది అలంకారము కొరకు కాదు. గది వేడిమిలో గట్టిపడు ఎపాక్సీ సుమారు 60 నుండి 90 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ, దాని రకమునుబట్టి, మెత్తబడ నారంభించును. పల్నాటిలోని రెంటచింతల వేసవి ఎండలకు పేరుపొందినది. మే నెలలో అచట నీడలోనే 45 డిగ్రీలు దాటుట కలదు. అట్టి ఎండలో నల్లని తలము 80 డిగ్రీలకు పైగా వేడెక్కవచ్చును. తెల్లరంగు ఎండను చాలభాగము త్రిప్పికొట్టును. చలిదేశములో నిశ్చింతగా ఎగురు విమానమును మన దేశమున వాడదలచినవారు రెజిన్‌ను ఎన్నుకొనునపుడును, దానిని మెల్లగా వేడిచేసి పండించునపుడును ఈ సంగతిని మరువరాదు.

బెంగుళూరు అనుభవము

1959లో స్థాపింపబడిన బెంగుళూరు జాతీయ వైమానిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 1980 దశకమున ఈ విద్యను చేతులతో నేర్చుకొనదలచిరి. అందుకై వారు ఇంటి నిర్మాతల మార్గమునే పట్టిరి. రుటాన్ లాంగ్-ఈజీ రూపమును ఆధారముగా గొని ఒక చిన్న పరిశోధక విమానమును నిర్మించి ఎగురవేసిరి. మన దేశమున పూర్తిగా మిశ్రమ పదార్థములతో తయారైన తొలి విమానమది. పిమ్మట అదే ప్రయోగశాల ఇద్దరు కూర్చుండు హంస అను శిక్షణ విమానమును సొంతముగా రూపొందించెను. రెక్కలు, తోక, ఒడలు అన్నియు నారతో చేసిన హంస 1993 నవంబరులో మొదటిసారి ఎగిరినది. దాని తరువాతి రూపమైన హంస-3, నిండుబరువు సుమారు 750 కిలోగ్రాములు గలది, 2000లో అనుమతి పత్రమును పొంది ఫ్లయింగు క్లబ్బులకు చేరినది. నవీకరించిన మరియొక రూపము 2021లో ఎగిరినది.

గాజుకంటె కర్బననార ఎక్కువ బిగువైనది, తేలికైనది. దాని పూర్వచరిత్రలోను ప్రత్తి ఉన్నది. 1879లో ఎడిసన్ తన దీపమునకు ప్రత్తి దారమును గాలి తగులకుండ మాడ్చి కర్బన తంతువును చేసెను. 1950 దశకము చివరను అమెరికాలో రేయాన్‌ను మాడ్చి నారను తీసిరి. రేయాన్ కూడ ప్రత్తివలె సెల్యులోజే. 1961లో జపానులో అకియో షిండో, అక్రిలిక్ ఉన్నికి మూలమైన పాలీఅక్రిలోనైట్రైల్‌నుండి మేలైన నారను సాధించెను. ఇంగ్లండులోని ఫార్న్‌బరో శాస్త్రజ్ఞులు దానిని మరింత బలపరచిరి. 1986 డిసెంబరులో బర్ట్ రుటాన్ రూపొందించిన వాయేజర్ మధ్యలో ఇంధనము పోసికొనక తొమ్మిది దినములలో భూమిని చుట్టివచ్చినది. కర్బననారతో చేసిన దాని ఒడలు, రెక్కలు కలిసి, ఇంజనులు మినహాయించి, సుమారు 426 కిలోగ్రాములే తూగినవి. అది మోసిన ఇంధనము 3,000 కిలోగ్రాములకు పైబడినది.

2001 జనవరి 4వ తేదీన ఎగిరిన మన తేలికపాటి యుద్ధవిమానము తేజస్ కట్టడపు బరువులో సుమారు 45 శాతము మిశ్రమ పదార్థములు. దాని రెక్కలు, నిలువు తోక కర్బననారవే. ఆ పథకమునకు ప్రధాన రూపకర్తయైన కోట హరినారాయణ తరువాత హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షుడుగా పనిచేసెను. ఇట్టి రెక్కలలో పొరలు పదులకొద్ది ఉండును. వాక్యూము సంచిలో బిగించి, ఆటోక్లేవ్ అను ఒత్తిడి కొలిమిలో వానిని పండింతురు. లోపము వెదకుటకు నాణెపు ధ్వని చాలదు గనుక శబ్దాతీత తరంగములను వాడుదురు.

పొరలెక్కువైనచో లెక్కయు కఠినమగును. లావుపాటి పుస్తకమును వంచి చూచినచో కాగితములు ఒకదానిపై నొకటి జారును. జిగురు ఆ జారుటను ఆపవలెను. ఆపలేనిచో పొరలు విడిపోవును. ఈ కోతబలము పైతలమునను క్రిందితలమునను సున్నయై నడుమ అధికముగా నుండును. దీనిని సరిగా లెక్కలోనికి తెచ్చు సరళమైన సిద్ధాంతమును 1984లో ప్రకటించినవాడు తెలంగాణమున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1968లో ఇంజనీరింగు పట్టము పొందిన జె. ఎన్. రెడ్డి. పొరల పలకల రూపకల్పనలో ఆయన సిద్ధాంతమును ప్రపంచమంతటను వాడుచున్నారు.

పాఠశాలలో ఈ విషయమును బోధించుటకు విలువైన పరికరములు అక్కరలేదు. రెండు థర్మోకోల్ పలకలను సమానముగా కోసి, పాత నేతగుడ్డను మైదా జిగురుతో ఒకదానికి పడుగు పొడవునకు ఉండునట్లును, రెండవదానికి మూలవాటుగాను రెండువైపుల అతికి, బాగుగా ఆరనియ్యవలెను. ఒక చివరను బల్లకు బిగించి రెండవ చివర తూనికరాళ్ళను వ్రేలాడదీసినచో మొదటిది తక్కువ వంగును. చివరను మెలిత్రిప్పినచో రెండవది తక్కువ తిరుగును. ఎన్ని గ్రాములకు ఎన్ని మిల్లీమీటర్లు కదలినదో విద్యార్థులు పట్టిక వ్రాసి, రేఖాపటము గీయవలెను. అంచనాకు లొంగక తేడా వచ్చిన పలకను చీల్చి చూచినచో, జిగురు అంటని చోటు సాధారణముగా లోపల కనిపించును.